తల్లి అయిన యేసు

క్రీస్తును తల్లీ అని పిలిచి ప్రార్థించడం క్రైస్తవంలో పాత అలవాటే. దాని మూలం సువార్తలోనే ఉంది. యెరూషలేమును తలచుకుని దుఃఖపడిన యేసు, పిల్లలను రెక్కల కిందికి చేర్చుకునే కోడితో తనను పోల్చుకున్నాడు (మత్తయి 23:37). 11వ శతాబ్దంలో ఆన్సెల్మ్ ఆ పోలికనే పట్టుకుని తన ప్రార్థనలో యేసును తల్లిగా సంబోధించాడు. ఆయనే తర్వాత కాంటర్బరీ ఆర్చిబిషప్పు అయ్యాడు.

ఆ పిలుపులోని అర్థాన్ని పూర్తిగా విప్పి చెప్పింది మాత్రం ఇంగ్లండులోని నార్విచ్ పట్టణపు జూలియన్. 1373 మే నెలలో, ముప్పయ్యేళ్ల వయసులో, చావుబతుకుల మధ్య ఆమెకు 16 దర్శనాలు కలిగాయి. కూతురు పోయిందనుకుని, మంచం పక్కనున్న తల్లి ఆమె కళ్లు మూయబోయింది. జూలియన్ మొదట రాసిన చిన్న గ్రంథంలో ఈ సంగతి ఉంది. ఏళ్ల తరబడి ధ్యానించి రాసిన పెద్ద గ్రంథంలో ఆ తల్లి కనిపించదు; తల్లి అయిన క్రీస్తు కనిపిస్తాడు.

ఆమె దృష్టిలో సిలువ వేదన పురిటి నొప్పి. తల్లి పాలిస్తే, క్రీస్తు ప్రభురాత్రి భోజనంలో తననే ఆహారంగా ఇస్తాడు. ఈ కనికరం గారాబం కాదు: మేలు కోరే తల్లి బిడ్డను ఒక్కోసారి పడనిస్తుంది, కానీ నశించిపోనివ్వదు. పడ్డవాడు సిగ్గుతో పారిపోవాలనుకుంటాడు. అప్పుడే తల్లి దగ్గరకు పరుగెత్తాలంటుంది జూలియన్. ఆమె బోధలో అన్నిటికంటే విలువైన మాట ఇదే, ఎందుకంటే పాపభయం మనిషిని ముందుగా ప్రార్థనకే దూరం చేస్తుంది.

కన్నతల్లికి దూరంగా బతికేవారిని ఈ మాట మరింత తాకుతుంది; అండమాన్ తెలుగువారినే చూడండి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో ఎంతోమంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. విశాఖ నుంచి, ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. అక్కడి గరాచర్మ లాంటి ఊళ్లో బతుకుతూ, కన్నతల్లిని అవతలి ఒడ్డున వదిలి వచ్చిన విశ్వాసికి పాపాల ఒప్పుకోలు ప్రార్థన జూలియన్ మాటల వెలుగులో మరింత దగ్గరవుతుంది.

తెలుగు ప్రార్థనలు ఎక్కువగా ‘తండ్రీ’ అనే మొదలవుతాయి. దాన్ని మార్చనక్కరలేదు. జూలియన్ త్రిత్వంలో పితృత్వాన్నీ, మాతృత్వాన్నీ, ప్రభువుతనాన్నీ కలిపే చూసింది. క్రీస్తును తల్లి అంటూనే ‘ఆయన’ అని రాసింది. తల్లి ఓదార్చినట్టు ఓదారుస్తానని దేవుడే మాట ఇచ్చిన యెషయా 66:13 చదివినవారికి ఈ పిలుపు పరాయిది కాదు.