వెండి సెమ్మెలు - చిల్లర నాణెం

కష్టాలలో మగ్గిన మనిషి దైవం వైపునకు మరలటం, పాపంలో కూరుకుపోయినవాడు సన్మార్గాన పడటం క్రైస్తవ సాహిత్యానికి ప్రియమైన ఇతివృత్తం. ఇటువంటి గ్రంథాలు చేతికి వచ్చినప్పుడు ముస్లిం పాఠకులలో రెండు ధోరణులు కానవస్తాయి. కొందరు సిలువ పేరో, బిషప్పు పేరో కనబడగానే పుస్తకం మూసివేస్తారు. మరికొందరు కన్నీళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా చదివి, అన్ని మతాల సారం ఒక్కటేనని తేల్చివేస్తారు. మొదటివారు మంచి కథను పోగొట్టుకుంటారు. రెండవవారు వివేచనను పోగొట్టుకుంటారు. ఈ రెండు పొరపాట్లకూ లోనుగాకుండా చదవదగిన గ్రంథం ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన 'లే మిజరబుల్'.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. నాగయ్య నటించిన 1950 నాటి 'బీదలపాట్లు' చిత్రానికి మూలం ఇదే. హ్యూగో చర్చికి విధేయుడైన రచయిత కాడు. 1864లో రోమన్ కేథలిక్ చర్చి ఈ నవలను నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది కూడా. అయినప్పటికీ పతనం, అనుగ్రహం, త్యాగం, విమోచనం అనే క్రైస్తవ భావాల మీదనే నవల కట్టడమంతా నిలిచి ఉన్నది. కనుక దీనిని క్రైస్తవ నవలగా పరిశీలించటం అన్యాయం కాదు.

కథ ఒక రొట్టెతో మొదలవుతుంది. 1795 శీతకాలంలో పని దొరకక, అక్క పిల్లలు ఏడుగురు ఆకలితో అలమటిస్తుంటే, జీన్ వల్జీన్ అనే కూలివాడు రొట్టెల అంగడి అద్దం పగులగొట్టి ఒక రొట్టె దొంగిలిస్తాడు. దానికి పడిన శిక్ష ఐదేళ్ళు. పారిపోవటానికి చేసిన ప్రయత్నాల వల్ల అది పంతొమ్మిదేళ్ళకు పెరిగింది. ఇక్కడ హ్యూగో చట్టాన్ని నిలదీసిన తీరు ఇస్లామీయ న్యాయభావనకు అతి సన్నిహితం. హిజ్రీ 18లో వచ్చిన కరువులో హజ్రత్ ఉమర్ (రజి) దొంగతనానికి విధించే హద్దు శిక్షను నిలిపివేశారన్న సంగతి ప్రసిద్ధమే. ఆకలి తీర్చే బాధ్యతను విస్మరించిన సమాజం ఆకలిగొన్నవాణ్ణి శిక్షించటానికి తొందరపడరాదన్నది అందులోని నీతి.

1815లో విడుదలైన వల్జీన్‌కు ఏ సత్రమూ చోటివ్వదు. మిరియెల్ అనే వృద్ధ బిషప్పు మాత్రం అన్నం పెట్టి పడక ఇస్తాడు. ఆ రాత్రే వల్జీన్ ఆయన వెండి సామాను ఎత్తుకొని పారిపోతాడు. రక్షకభటులు పట్టి తెచ్చినప్పుడు బిషప్పు ఆ వెండి తానే ఇచ్చానని చెప్పి, కొవ్వొత్తులు నిలిపే రెండు వెండి సెమ్మెలు మరచిపోయావంటూ వాటిని కూడా చేతిలో పెడతాడు.

ఈ ఘట్టానికి ముస్లిం పాఠకుడు ముగ్ధుడు కావటంలో తప్పు లేదు. చెడును మేలైన దానితో తొలగించమనీ, అప్పుడు శత్రువు సైతం ఆప్తమిత్రుడవుతాడనీ దివ్య ఖుర్ఆన్ (41:34) బోధించినది ఇటువంటి నడవడినే. క్రైస్తవులలోని అహంకారం లేని మతగురువులను, సన్యాసులను ఖుర్ఆన్ (5:82) మెచ్చుకున్నది. మిరియెల్ ఆ కోవకు చెందినవాడు. ఇతర మతస్థునిలోని మంచిని మంచి అనటం విశ్వాసానికి లోపం కాదు, న్యాయం.

కాని ఆ వెంటనే బిషప్పు అనే మాట దగ్గర పాఠకుడు ఆగి ఆలోచించాలి. మంచివాడిగా బ్రతకటానికే ఈ వెండిని వాడతానని నీవు మాట ఇచ్చావని ఆయన అంటాడు. నిజానికి వల్జీన్ అటువంటి మాట ఇవ్వలేదు. ఆపైన, అతని ఆత్మను తాను కొని దైవానికి అప్పగిస్తున్నానంటాడు. ఒకరి ఆత్మను మరొకరు వెల చెల్లించి విడిపించటమన్నది క్రైస్తవ విమోచన సిద్ధాంతానికి ఆయువుపట్టు. ఖుర్ఆన్ దృష్టిలో ఎవరి బరువును వారే మోయాలి. ఒకరి బరువు మరొకరు మోయరు (6:164). ఒక సజ్జనుడు మరొకని హృదయాన్ని మేల్కొలపగలడు గాని, అతని బదులు పశ్చాత్తాపపడలేడు.

చిత్రమేమిటంటే, నవలలోని తరువాతి ఘట్టమే బిషప్పు మాటను సందేహంలో పడవేస్తుంది. వెండి మూట భుజాన వేసుకొని పోతున్న వల్జీన్‌కు చిన్న జెర్వే అనే పదేళ్ళ పిల్లవాడు దారిలో తారసపడతాడు. సవోయ్ ప్రాంతం నుండి వచ్చి ఊరూరా తిరిగి పొట్ట పోసుకునే పేద బాలుడు. అతని చేతిలోంచి జారిపడిన నలభై సూల నాణెం, అంటే రెండు ఫ్రాంకులు, మీద వల్జీన్ కాలు వేసి నిలబడతాడు. పిల్లవాడు ఏడ్చి, బ్రతిమాలి, చివరికి భయపడి పారిపోతాడు. 'కొనబడిన' ఆత్మ చేసిన మొదటి పని ఒక పసివాణ్ణి దోచుకోవటం! కాలి క్రింద నాణేన్ని చూసినప్పుడే వల్జీన్ గుండె పగులుతుంది. పిల్లవాని పేరు పెట్టి పిలుస్తూ మైదానమంతా వెదకుతాడు. బాలుడు దొరకడు.

నవలకు అసలు మలుపు ఇక్కడ ఉన్నది. తౌబాకు ధర్మవేత్తలు చెప్పిన షరతులు తెలిసినవే: పాపాన్ని విడిచిపెట్టటం, దానికి కుమిలిపోవటం, తిరిగి చేయరాదని నిశ్చయించుకోవటం. ఆ పాపం సాటి మనిషికి సంబంధించినదైతే ఇమామ్ నవవీ నాల్గవ షరతును కూడా పేర్కొన్నారు: హక్కుదారునికి అతని హక్కు తిరిగి ఇవ్వాలి. హక్కుదారుడు దొరకకపోతే? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఒకరి వద్ద బానిస యువతిని కొని, వెల చెల్లించేలోగా అమ్మినవాడు కనబడకుండా పోగా, ఎంతో వెదకి, ఆ సొమ్మును అతని పేరనే దానం చేశారు. అతడు ఎన్నడైనా వచ్చి అందుకు ఒప్పుకోకపోతే బాకీ తనదేనని కూడా అన్నారు.

వల్జీన్ చేసినది అక్షరాలా ఇదే. పేరు మార్చుకొని, ధనికుడై, ఒక పట్టణానికి మేయరైన తరువాత, పొగగొట్టాలు శుభ్రం చేసే సవోయ్ కుర్రవాడు ఎవడు ఊళ్ళోకి వచ్చినా పిలిపించి, పేరడిగి, డబ్బు ఇచ్చి పంపుతాడు. పేరడగటంలోనే ఉన్నది కీలకమంతా. అది దానం కాదు, బాకీదారుని వెదకులాట. ఆ నాణేన్ని మాత్రం ఖర్చు చేయక దాచి ఉంచుతాడు. ఏ మతగురువూ చెప్పకుండానే అతని అంతరాత్మ హుఖూఖుల్ ఇబాద్ సూత్రాన్ని, అంటే దాసుల హక్కుల సూత్రాన్ని, కనుగొన్నది. మానవ ప్రకృతిలోనే సత్యం నాటబడి ఉన్నదనటానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇంకొక పరీక్ష కూడా ఉన్నది. షాంమాత్యూ అనే అమాయకుణ్ణి వల్జీన్‌గా పొరబడి అరాస్ న్యాయస్థానంలో నిలబెడతారు. అతనికి యావజ్జీవ శిక్ష తప్పేటట్లు లేదు. అల్లాహ్ కప్పి ఉంచిన పాపాన్ని మనిషి చాటుకోనక్కరలేదన్నది ఇస్లాం మర్యాద. కాని తన పాపానికి మరొకడు బలి కాబోతున్నప్పుడు మౌనం మరొక దౌర్జన్యమవుతుంది. రాత్రంతా తనతో తాను పెనుగులాడి, తెల్లవారి వల్జీన్ న్యాయస్థానానికి వెళ్ళి నిజం చెప్పివేస్తాడు. తన కర్మాగారం నుండి తనకు తెలియకుండా వెళ్ళగొట్టబడి, జుట్టూ, ముందుపళ్ళూ అమ్ముకొని నశించిన ఫాంటీన్ విషయంలోనూ అంతే. తెలియదన్న సాకు చెప్పక, ఆమె అనాథ బిడ్డ కోసెట్‌ను పెంచి బాకీ తీరుస్తాడు.

ఇంత చేసిన నవల ముగింపులో ఎందుకో వెనుకంజ వేసింది. అరాస్ నుండి వచ్చి పారిపోయే రాత్రి వల్జీన్ నల్లబడిన ఆ నాణేన్ని చీటీతో సహా బల్ల మీద వదలి, వెండి సెమ్మెలను వెంట తీసుకుపోతాడు. 1833లో అతని మరణశయ్య ప్రక్కన వెలిగేవి ఆ సెమ్మెలే. నాణెం ప్రస్తావన అక్కడ లేదు. మతగురువును పిలవమంటావా అని అడిగితే, తనకు ఒకడున్నాడంటూ పైకి చూపుతాడు. దైవానికీ దాసునికీ మధ్య ఎవరూ అక్కరలేదని చెప్పబోతున్నాడని ముస్లిం పాఠకుడు ఆశిస్తాడు. కాని ఆ చూపించినది చనిపోయిన బిషప్పునేనని హ్యూగో సూచిస్తాడు. హక్కు తీర్చిన మనిషి కథగా సాగినది చివరకు అనుగ్రహం పొందిన మనిషి కథగా ముగిసింది. క్రైస్తవ విమోచన భావన ఈ నవలకు ఇచ్చిన బలమూ, తెచ్చిన లోపమూ ఇక్కడ ఒక్కచోటే కనబడతాయి.

హ్యూగోకు రెండవ మార్గం తెలియదనటానికి వీలు లేదు. నవలకు మూడేళ్ళ ముందు, 1859లో వెలువడిన ఆయన కావ్యసంపుటిలో మహాప్రవక్త (స) అంతిమ దినాలపై 'హిజ్రీ తొమ్మిదవ సంవత్సరం' అనే గౌరవభరితమైన ఖండిక ఉన్నది. ప్రవక్త (స) మరణం హిజ్రీ 11లో గనుక ఆ శీర్షికలోని సంవత్సరం పొరపాటు. కాని అందులో ఒక మనిషి తనకు రావలసిన మూడు నాణేలు అడగటం, ఆయన అక్కడికక్కడే చెల్లించటం ఉన్నది. సీరత్ గ్రంథాలలోని మూడు దిర్హముల కథనమే దానికి ఆధారం. ఆ మూడు దిర్హములకు తన కావ్యంలో చోటిచ్చిన కవి, వల్జీన్ మరణశయ్య దగ్గర నలభై సూలను గుర్తు చేసుకొని ఉంటే నవల మరింత సంపూర్ణమై ఉండేది.

అయితే ఈ విమర్శ హ్యూగోతోనే ఆగిపోతే అది సులువైన విమర్శ అవుతుంది. నాల్గవ షరతు ముస్లింల గ్రంథాలలో ఉన్నది. ముస్లింల ఇళ్ళలో ఎంత ఉన్నది? రాత్రివేళ ఇస్తిగ్ఫార్ పఠించే నోరు పగటివేళ అక్కచెల్లెళ్ళ వారసత్వపు వాటా ఊసెత్తదు. భార్యకు చెల్లించవలసిన మహర్ జనాజా లేచే వేళ మాఫీ చేయించుకునే లాంఛనమైపోయినది. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న హదీసు ప్రసంగాలలో వినబడుతుంది, పద్దు పుస్తకాలలో కనబడదు. క్రైస్తవుడు బిషప్పు అనుగ్రహాన్ని నమ్ముకున్నాడని తప్పు పట్టే ముస్లిం, హక్కులు తీర్చకుండా దువాను మాత్రమే నమ్ముకుంటే ఇద్దరికీ భేదం ఎక్కడ?

'లే మిజరబుల్' చదివి సెమ్మెల వెలుగుకు కన్నీరు పెట్టటం తేలిక. ఆ దొంగ మేయరు లాగా బాకీదారుని పేరు అడిగి వెదకటం కష్టం. ముస్లిం పాఠకుడు ఈ నవల నుండి తెచ్చుకోవలసినది ఆ కష్టమైన పాఠాన్నే.