గుట్టల్లేని నేల మీద చుట్టు

గూడూరు నుంచి తూర్పుకు తిరిగితే సముద్రం దాకా ఎక్కడా ఎత్తు తగలదు. వరిమళ్లు, రొయ్యల గుంటలు, సర్వి తోటలు, చిల్లకూరు–కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్విన తెల్లటి గోతులు. ఇలాంటి చోట సైకిల్ మీద పొడవాటి చుట్టు వేయడానికి పెద్ద పనితనం ఏం కావాలి, ఏ రోడ్డు పట్టుకున్నా వెళ్లిపోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కొండల్లో దారిని కొండే నిర్ణయిస్తుంది. ఘాట్ ఎక్కడుంటే అక్కడే ఎక్కాలి. చదును నేల మీద ఏ మలుపైనా మనిషి ఆలోచించి పెట్టాల్సిందే. బాగా కుదిరిన మైదానపు రూటును చూస్తే, దాన్ని గీసిన మనిషి మీద నాకు గౌరవం కలిగేది అందుకే.

ఈ విద్యకు వందేళ్లు దాటిన పరంపర ఉంది. పారిస్–బ్రెస్ట్–పారిస్ 1891లో సైకిల్ పందెంగా మొదలైంది. ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వాళ్లు 1921 నుంచి ఎవరి వేగంతో వాళ్లు తొక్కే దూరప్రయాణాలు, అంటే బ్రెవేలు, నడుపుతున్నారు. మన దేశంలో ఆ పద్ధతినే ఆడాక్స్ ఇండియా రాండనీర్స్ పాటిస్తుంది. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. మొదటి, రెండవ బహుమతులు లేవు. గడువులోగా వచ్చినవాళ్లంతా సమానమే. కాబట్టి చూపంతా దారి మీదే నిలుస్తుంది.

రూటు గీసేవారి నేర్పు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది కంట్రోళ్ల దగ్గర. దారిలో ఆగి బ్రెవే కార్డు మీద ముద్ర వేయించుకునే చోట్లు అవి. చూసేవాళ్లకు అవి టీ తాగడానికి పెట్టినట్టుంటాయి. అసలు పని వేరు: అడ్డదారి మూయడం. పల్లపు దేశంలో ఊరి నుంచి ఊరికి నాలుగు దారులుంటాయి. చుట్టులో ఏ రెండు బిందువుల మధ్య దగ్గరి దారి ఉందో వెతికి, సరిగ్గా దాని అవతలి మూలన కంట్రోల్ పెడతారు. మనుషులను కూర్చోబెట్టలేని చోట కార్డు మీద ఒక ప్రశ్న రాస్తారు. అక్కడిదాకా వెళ్లి కళ్లతో చూస్తే తప్ప జవాబు తెలియదు. నమ్మకాన్నీ తనిఖీనీ ఇంత సున్నితంగా కలిపిన ఏర్పాటు ఇంకో ఆటలో నాకు కనిపించలేదు.

ఇదే పద్ధతిలో గూడూరు నుంచి ఒక చుట్టు గీసి చూద్దాం. జంక్షన్ కావడం మొదటి వరం: చెన్నై, విజయవాడ, రేణిగుంట మూడు వైపుల నుంచీ రైలు దిగి మొదలుపెట్టవచ్చు. చిల్లకూరు, కోట, వాకాడు. అక్కడి నుంచి తీరాన దుగరాజపట్నం దాకా వెళ్లి వెనక్కి. చిట్టమూరు మండలంలో మల్లాం మీదుగా నాయుడుపేట. దక్షిణంగా దొరవారిసత్రం, సూళ్లూరుపేట. పులికాట్ సరస్సు మధ్య రోడ్డు మీద శ్రీహరికోట వైపు కొంతదూరం వెళ్లి వెనక్కి. చివరికి హైవే వెంట గూడూరు. కాస్త అటూఇటూ సర్దితే 200 కిలోమీటర్లకు చేరుతుంది.

పటం మీద ఇది తేలికగా కనిపిస్తుంది. నేల మీద నీళ్లు చెప్పినట్టు వినాలి. స్వర్ణముఖిని రెండుసార్లు దాటాలి: కోట–వాకాడు మధ్య ఒకసారి, నాయుడుపేట దగ్గర ఇంకోసారి. బకింగ్‌హామ్ కాలువ తీరం వెంబడే సాగుతుంది కాబట్టి వంతెన ఉన్నచోటు వెతుక్కోవాలి. వాగుల మీద చప్టాలు ఈశాన్య రుతుపవనాల వానల్లో మునుగుతాయి. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ చుట్టును ఎవరికీ చూపకూడదు.

కంట్రోళ్లలో ఒకటి దుగరాజపట్నంలో ఉండి తీరాలి. లేకపోతే వాకాడు నుంచే చాలామంది తిరిగిపోతారు. ఈస్టిండియా కంపెనీ 1626లో ఆర్మగాన్ పేరుతో స్థావరం పెట్టుకున్న ఊరిది. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాకే కంపెనీ చూపు దక్షిణానికి మళ్లింది. అలాంటి ఊరిని తప్పించే చుట్టు ఎంత నున్నగా ఉన్నా నాకు అక్కర్లేదు.

ఇక గాలి. మైదానంలో గాలే కొండ. జనవరిలో ఇక్కడ ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దున దక్షిణానికి హాయిగా తోసేస్తుంది గానీ, సూళ్లూరుపేట నుంచి గూడూరుకు తిరిగి వచ్చేటప్పుడు, కాళ్లు అలిసిన సమయానికి, ఎదురుగా నిలబడుతుంది. ఫిబ్రవరి గడిచేకొద్దీ గాలి తూర్పుకూ ఆగ్నేయానికీ మళ్లుతుంది. అప్పుడు పొద్దున గాలి లేవకముందే తీరప్రాంతం ముగించి, పది గంటల లోపు పులికాట్ చూసుకుని, మధ్యాహ్నం సముద్రపు గాలిని వీపున వేసుకుని ఉత్తరానికి రావచ్చు. అదే చుట్టు, అదే దూరం. నెల మారితే గాలి పక్షం మారుతుంది. పులికాట్ రోడ్డు మీద నీడ ఉండదు, అందుకే ఆ పది గంటల హద్దు. మార్చి వచ్చాక ఎండ ఈ లెక్కను చెడగొడుతుంది. పక్షులు కూడా ఆగవు: సరస్సులో రాజహంసలను, దొరవారిసత్రం పక్కన నేలపట్టులో గూడబాతులను చూడాలంటే ఫిబ్రవరి దాటకూడదు. ఎండ, గాలి, పక్షులు మూడూ ఒప్పుకునే కిటికీ ఫిబ్రవరి రెండో సగం. ఆ పది పదిహేను రోజులను పట్టుకోవడంలోనే రూటు గీసేవారి ప్రజ్ఞ అంతా ఉంది.

చిన్న సంగతులు కొన్ని. కోతల కాలంలో తారురోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. అది రైతు కళ్లం, దిగి నడిపించుకుపోవాలి. సర్కారు తుమ్మ ముళ్లు గట్ల పక్క రోడ్ల మీద టైర్ల కోసమే పడినట్టుంటాయి, రెండు ట్యూబులు తప్పనిసరి. రాకెట్ ప్రయోగాల రోజుల్లో శ్రీహరికోట రోడ్డు మీద ఆంక్షలుంటాయి, తేదీ ముందే కనుక్కోవాలి. తిరుగు ప్రయాణాన్ని హైవే మీద పెట్టడం కొందరికి నచ్చదు. నేను మాత్రం సమర్థిస్తాను: అలిసినవాడికి అంచున చోటు, తిండి, దీపాలు కావాలి. అందం పొద్దుటి పూటకే కేటాయించాలి.

పటాలు, ఉపగ్రహ చిత్రాలు ఇవాళ అందరి ఫోన్లలో ఉన్నాయి. ఏ చప్టా ముందు మునుగుతుందో, ఏ ఊళ్లో తెల్లవారుజామున నాలుగున్నరకే టీ కొట్టు తెరుస్తారో అవి చెప్పవు. కోట, వాకాడు, నాయుడుపేట కుర్రాళ్లకు అవన్నీ తెలుసు. ఈ చుట్టును వాళ్లే గీయాలి. తొక్కి, సరిదిద్ది, దగ్గర్లోని ఆడాక్స్ క్లబ్బు చేతిలో పెట్టాలి.