స్కానర్‌ను ఎక్కడ నిలపాలి?

లేజర్ సర్వే అనగానే మిషన్ ఏ కంపెనీది, సెకనుకు ఎన్ని లక్షల పాయింట్లు తీస్తుంది అని అడుగుతారు. ట్రైపాడ్ ఎక్కడ పెట్టారని అడిగేవాళ్ళు తక్కువ. నా మటుకు సగం పని ఆ ప్రశ్నలోనే ఉంది. స్కానర్ చీకట్లో పెట్టిన పెట్రోమాక్స్ దీపం లాంటిది. వెలుగు పడినంత మేరకే రికార్డు. స్తంభం వెనకాల, ట్రైపాడ్ కాళ్ళ కిందే ఉన్న నేల మీద ఏమీ ఉండదు.

జమ్మలమడుగు దగ్గరి గండికోటనే తీసుకోండి. పని నేర్చుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది, మిషన్‌ను బండిలోనే ఉంచి కోటంతా నడిచి రమ్మని. స్కెచ్ కాగితం, పెన్సిలు చాలు. మాధవరాయస్వామి గుడి మండపంలో నట్టనడుమ ట్రైపాడ్ పెట్టాలనిపిస్తుంది. అలా పెడితే ప్రతి స్తంభం వెనకా ఒక నీడ. వరసల మధ్య కాస్త పక్కకు జరిగి, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మార్చుకుంటూ పోవాలి. నలుచదరపు స్తంభానికి ఎదురెదురు మూలల నుంచి రెండు చూపులు పడితే నాలుగు ముఖాలూ వస్తాయి. శిల్పం లోతుగా చెక్కి ఉంటే అవీ చాలవు.

గోపురం ఇంకా మొండిది. దగ్గరగా నిలబడితే కింది కపోతం, అంటే ముందుకు పొడుచుకొచ్చిన చూరు, పై అంతస్తులను దాచేస్తుంది. వెనక్కి జరిగితే పాయింట్లు పలచబడతాయి. పది మీటర్ల దూరాన 6 మిల్లీమీటర్లకొకటి పడినవి, ఇరవై మీటర్లకు 12 అవుతాయి. కపోతాల పైభాగం నేల మీద ఎక్కడి నుంచీ దొరకదు, డ్రోన్ ఫొటోలు కావాల్సిందే. కోటలోని ధాన్యాగారంలో అసలు కీలకం గుమ్మం. లోపలా బయటా రెండూ కనిపించేలా అక్కడొక స్టేషన్, అంటే ట్రైపాడ్ నిలిపే చోటు, లేకపోతే లోపలి స్కానుకూ బయటి స్కానుకూ అతుకు కుదరదు. పెన్నా గండి వైపు గోడ బయటి ముఖానికైతే అవతలి గట్టుకు పోవాలి. అంత దూరం అందుకునే మిషన్ వేరే. ప్రొద్దుటూరు పాత సందుల్లోనూ ఇదే కష్టం, ఎదురింటివాళ్ళను అడిగి వాళ్ళ మిద్దె ఎక్కాల్సిందే.

పులివెందుల పక్క ముగ్గురాయి గనుల్లాంటి సొరంగాలలో చిక్కు వేరు. దారి ఒక్కటే కాబట్టి స్టేషన్లన్నీ ఒకే వరసలో పడతాయి. ఒక్కో అతుకు దగ్గర వచ్చే చిన్న తేడా ముందుకు పోయేకొద్దీ పెరుగుతుంది. వేరే దారిన బయటికొచ్చి మొదలుపెట్టిన చోట కలిపే వీలు లేనప్పుడు, టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో కొలిచిన కంట్రోల్ పాయింట్లు లోపల ఉండి తీరాలి.

ఎండను కూడా ప్లానులో రాయాలి. చాలా స్కానర్లు 40 డిగ్రీల వరకే పనిచేస్తామంటాయి, మన మే నెల దాన్ని దాటిపోతుంది. తెల్లవారుజామున బయట, మధ్యాహ్నం మండపాల్లో.

ఇంత పట్టింపు ఎందుకంటే, కట్టడం పోయాక మళ్ళీ కొలవలేం. శ్రీకాళహస్తి రాజగోపురాన్నే చూడండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది. 2010 మే 26న కూలిపోయింది. అదే ఏడాది ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు పారిస్ నోటర్‌డామ్ చర్చిలో యాభైకి పైగా చోట్ల స్కానర్ నిలిపాడు. ఆ కట్టడం ఎలా కట్టారు, ఎక్కడెక్కడ ఒరిగింది అన్నది ఆయన ప్రశ్న. 2019లో చర్చి కప్పు కాలిపోయింది. అప్పటికి ఆయన లేడు, డేటా ఉంది. తిరిగి కట్టేవాళ్ళకు అది పనికొచ్చింది. ఏం తెలుసుకోవాలో తేల్చుకుని నిలబెట్టిన స్కానర్ అది. మన సీమ గోపురాలకూ అలా ప్రశ్న వేసుకుని పోవాలని నా కోరిక. పగులు వెతకడానికి పెట్టే స్టేషన్లు, టూరిస్టులకు బొమ్మ చూపడానికి పెట్టేవి ఒకటి కావు.

పని అప్పగించేవాళ్ళను ఒకటి కోరతాను. స్టేషన్లన్నీ గుర్తించిన స్కెచ్ అడిగి తీసుకోండి. అందని చోట్లను దానిమీదే ఎర్ర పెన్సిలుతో గీయించండి. ఖాళీ ఎక్కడుందో తెలిస్తే, పదేళ్ళ తర్వాత వచ్చే సర్వేయర్ తన ట్రైపాడ్‌ను నేరుగా అక్కడికే తీసుకుపోతాడు.