ఎండను గడప దాటనివ్వని ఇళ్ళు

మే నెలలో రాత్రి పది గంటలకు డాబా ఇంటి పై అంతస్తులో మంచమెక్కి కప్పుకు అరచెయ్యి ఆనించి చూడండి. పొద్దుగూకి మూడు గంటలు దాటినా సిమెంటు శ్లాబు ఇంకా వేడిగానే తగులుతుంది. కిటికీ బయట గాలి చల్లబడింది, గదిలో మాత్రం ఉక్కపోత తగ్గలేదు. ఫ్యాను వేస్తే కప్పు దగ్గర పేరుకున్న వేడిని తెచ్చి మన మీద పోస్తుంది.

నాలుగైదు అంగుళాల శ్లాబు పగలంతా ఎండను తాగుతుంది. పైన తగిలిన వేడి కింది వైపుకు దిగడానికి దాదాపు మూడు గంటలు చాలు. అంటే మధ్యాహ్నం రెండింటి ఎండ సాయంత్రం అయిదుకు మన నెత్తిన పడుతుంది, అర్ధరాత్రి దాకా పడుతూనే ఉంటుంది. అదే మూరెడు మందం మట్టి గోడ దాటడానికి వేడికి పన్నెండు గంటలైనా పడుతుంది. నడి మధ్యాహ్నపు వేడి లోపలికి వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. అప్పటికి తలుపులూ కిటికీలూ తీసి ఉంటాయి కాబట్టి వచ్చిన వేడి వచ్చినట్టే బయటికి పోతుంది. మన పెద్దల ఇళ్ళు చల్లగా ఉన్నాయంటే అందులో మొదటి కారణం ఇదే. ఇంటిని చల్లబరచాల్సిన అవసరం రాకుండా, వేడి ఎప్పుడు ఎటు నుంచి రావాలో వాళ్ళు ముందే తేల్చి కట్టుకున్నారు.

పాత ఇళ్ళంటే ఈమధ్య మోజు పెరిగింది. ఫామ్‌హౌసుల్లో, రిసార్టుల్లో మండువా, అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచే చోటు, కడుతున్నారు. నాలుగు స్తంభాలు, మధ్యలో తులసికోట, వాన పడకుండా పైన గాజు కప్పు. ఆ గాజు ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వదు. మండువా చేసే పనికి అది సరిగ్గా ఎదురు. రూపాన్ని తెచ్చుకుని పనిని వదిలేస్తే మిగిలేది ఏసీ బిల్లే. అందుకే ఆ ఇళ్ళు ఎలా పనిచేసేవో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

తెలుగు నేలలో ఒకే రకం వేసవి లేదు. రాయలసీమలో గాలి పొడిగా ఉంటుంది, పగలు మండిపోయినా రాత్రికి చల్లబడుతుంది. అక్కడ మందమే మందు. రాతి గోడలు, చిన్న కిటికీలు, పైన మట్టి మిద్దె. దూలాల మీద దంతెలు వేసి, వాటి మీద సన్న కట్టెలో రాతి బండలో పరిచి, ఆకూ అలమూ వేసి, మట్టి మెత్తుతారు. అన్నిటికన్నా పైన చౌడు. పొలంలో చౌడు తేలిందంటే రైతు గుండె జారిపోతుంది, ఎందుకంటే ఆ మట్టిలో నీళ్ళు ఇంకవు. అందులోని సోడియం లవణాల వల్ల తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. పంటను చంపే ఆ గుణాన్నే సీమ జనం నెత్తిన కప్పుగా వాడుకున్నారు. తొలకరికి ముందు కొత్త చౌడు తెచ్చి మిద్దె మీద పోసుకుంటే ఆ ఏటి వానకు భయం లేదు. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం మిద్దెకు ఒక గవాచి వదిలేవారు, వాన వస్తే దాని మీద బండ మూసేవారు. వేడి గాలి ఎప్పుడూ పైకి పోతుంది కనుక ఆ చిన్న కంతే ఇంటికి ఊపిరి.

కోస్తాలో ఈ లెక్క పారదు. సముద్రపు తేమ వల్ల రాత్రి కూడా పెద్దగా చల్లబడదు. గోడ ఎంత మందంగా ఉన్నా చెమట ఆరకపోతే ప్రాణానికి సుఖం లేదు. చెమట ఆరాలంటే గాలి ఆడాలి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో వీధి గుమ్మం దగ్గర నిలబడితే పెరటి గుమ్మం కనబడుతుంది. మధ్యలో నడవ, మండువా, వంటిల్లు దాటుకుంటూ గాలికి అడ్డులేని దారి ఉంటుంది. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికే వాలి, వాన నీళ్ళన్నీ మండువాలో పడి తూము గుండా బయటికి పోతాయి. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి మండువా అడుగుకు దిగి, చుట్టూ ఉన్న గదుల్లోకి పాకుతుంది. పొద్దెక్కాక పెంకులు కాగితే వాటి పక్కన గాలి పైకి లేచిపోయి, నీడలో ఉన్న అరుగుల మీది చల్లగాలి ఆ చోటుకు కదులుతుంది.

ఇది జరగాలంటే మండువా ఇరుకుగా ఉండాలి. చూరు ఎత్తుతో పోలిస్తే వెడల్పు మరీ ఎక్కువైతే మిట్టమధ్యాహ్నం నేలంతా ఎండ పడి, అదే వేడికి మూలమవుతుంది. చుట్టూ వసారా తప్పనిసరి. గది గోడకు నేరుగా ఎండ తగలని ఏర్పాటు అది. ఈ కొలతలు పుస్తకంలో రాసి ఉంచినవి కావు, తరతరాల వడ్రంగుల చేతి లెక్క. ఇలాంటి ఇల్లు ఒకటి పడగొట్టి దూలాలు, స్తంభాలు విడిగా అమ్ముతున్నప్పుడు ఆ లెక్క కూడా పోతోందని ఎవరికీ పట్టకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లుది మరో దారి. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు గొడుగు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే పెద్దవాళ్ళు వంగి లోపలికి వెళ్ళాలి. అంత కిందికి దిగిన చూరు గోడ మీద ఎండ పడనివ్వదు, తుపాను గాలిని గోడకు తగలనివ్వదు. గుండ్రటి గోడకు మూలలు లేవు కాబట్టి గాలి పట్టుకుని తొయ్యడానికి చోటు దొరకదు. తెలంగాణలో గూన పెంకులు. ఒకదాని మీద ఒకటి బోర్లించిన అరగొట్టాల్లాంటి పెంకుల మధ్య గాలి నిలుస్తుంది, సందుల్లోంచి వేడి జారిపోతుంది. కోతులు ఎక్కి తిరిగితే పగలడం ఒక్కటే వాటి బాధ.

ఇక సూర్యుడి సంగతి. దక్షిణం అంటే మనవాళ్ళకు భయం. దక్షిణపు వాకిలి వద్దంటారు, దక్షిణాన కిటికీ కూడా చిన్నది చాలంటారు. ఆకాశం మాత్రం వేరే మాట చెబుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నిలువుగా పెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ రెండు రోజుల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడకు ఎండ బాధ దాదాపు లేనట్టే. మిగతా నెలల్లోనూ రెండడుగుల సన్‌షేడ్‌తో చాలావరకు ఆగుతుంది. పైగా కోస్తాలో వేసవి సాయంత్రాల పైరగాలి వచ్చేది అటు నుంచే. కిటికీలు పెట్టుకోవడానికి దక్షిణం మంచి దిక్కు.

అసలు శత్రువు పడమర. మూడు దాటాక ఎండ ఏటవాలుగా కిటికీలోంచి మంచం దాకా వస్తుంది, సన్‌షేడ్ ఎంత ముందుకు చాచినా ఆగదు. అప్పటికే కాగి ఉన్న గాలికి ఈ ఎండ తోడవుతుంది. పడమటి వైపు పడకగది పెట్టకూడదు. మెట్లు, బాత్రూమ్, సామాను గది అటు పెడితే అవే ఎండను అడ్డుకుంటాయి. జాగా ఉంటే ఒక వేప గానీ కానుగ గానీ నాటాలి. కానుగ నీడలో పడుకున్నవాళ్ళకు దాని చలువ వేరే చెప్పక్కర్లేదు. అయిదారేళ్ళలో ఆ చెట్టు చేసే పని ఏ రంగు అద్దమూ చెయ్యలేదు.

కప్పు గురించి పాతవాళ్ళు పడ్డ శ్రమ తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. మద్రాసు టెర్రస్ అని పిలిచే కప్పును టేకు దంతెల మీద సన్నటి ఇటుకలను నిలబెట్టి, ఏటవాలు వరసల్లో డంగు సున్నంతో అతికి కట్టేవారు. సున్నాన్ని గానుగలో ఇసుకతో కలిపి ఎద్దులతో తిప్పించి, వెన్నలా అయ్యేదాకా నూరేవారు. ఇటుకల పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన పొర పరిచి, వరసగా కూర్చున్న కూలీ ఆడవాళ్ళు చెక్క బడితెలతో రోజుల తరబడి బాదేవారు. బాదే కొద్దీ తేమ పైకి తేలి పొర బిగుసుకునేది. మధ్యమధ్య కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరించేవారు. అలా అయిన కప్పు శ్లాబుకు రెండింతల పైగా మందం, వేడిని దిగనివ్వడంలో దానికీ దీనికీ పోలికే లేదు.

ఇదంతా మళ్ళీ అలాగే కట్టుకుందామని నేను అనను. మట్టి ఇల్లు చల్లగా ఉండడం వెనక వారం వారం పేడతో అలికిన ఆడవాళ్ళ నడుములున్నాయి. తాటాకు ఇళ్ళు ఒక్క నిప్పురవ్వకు వాడలు వాడలుగా తగలబడ్డాయి. ముసురు పట్టిన ఏడాది మట్టి మిద్దెలు కూలి మనుషులు పోయారు. ఆ భయం తెలిసిన కుటుంబం పక్కా శ్లాబు కావాలని అడిగితే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కావలసిందల్లా ఆ శ్లాబుకూ ఆ గోడకూ పాత తెలివిని కాస్త అద్దడం.

ఆ పని చేసి చూపినవాడు ఆర్కిటెక్ట్ లారీ బేకర్. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, పితోరాగఢ్ కొండల్లో పల్లె ఇళ్ళు చూసి నేర్చుకుని, తిరువనంతపురంలో స్థిరపడి 2007లో అక్కడే కన్నుమూశాడు. ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి కట్టే ర్యాట్‌ట్రాప్ పద్ధతిని మన దేశంలో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. తొమ్మిదంగుళాల గోడ మధ్య సుమారు మూడంగుళాల బోలు మిగులుతుంది. అందులో నిలిచిన గాలి వేడిని ఆపుతుంది, ఇటుకలేమో పాతిక శాతం దాకా తక్కువ పడతాయి. ఇక ఫిల్లర్ శ్లాబు. శ్లాబులో కింది భాగపు కాంక్రీటు బరువు మొయ్యదు, అక్కడ మోసేది ఇనుమే. పని లేని ఆ కాంక్రీటు బదులు చువ్వల మధ్య పాత మంగుళూరు పెంకులు జోడించి పెడితే సిమెంటు ఖర్చు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి పొర దొరుకుతుంది. రెండింటికీ కొత్త సామాను ఏదీ అక్కర్లేదు, పని తెలిసిన మేస్త్రీ ఉంటే చాలు. ఇబ్బంది అక్కడే వస్తోంది. కాంట్రాక్టరుకు అలవాటు లేని పని కావడంతో కుదరదనేస్తాడు, ఇంటాయన ఊరుకుంటాడు.

సెంటు, సెంటున్నర జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్ళకు మండువా మాట ఎత్తడమే అన్యాయం. వాళ్ళకు ఎండంతా కప్పు మీది నుంచే. అక్కడ చెయ్యగలిగింది చాలా ఉంది. మామూలు సిమెంటు డాబా తన మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది, తెల్లటి డాబా ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి కొలిచి చూస్తే, లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తక్కువగా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. మన ప్రభుత్వాలు వేలల్లో కట్టించే కాలనీ ఇళ్ళకు మొదటి రోజు నుంచే తెల్ల కప్పు, గోడ పైభాగాన ఎదురెదురుగా రెండు వెంటిలేటర్లు, పడమటి వైపు ఒక కానుగ మొక్క ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఎంత? అడగాల్సిన ప్రశ్న ఇది.

అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు కూడా యజమానిని ఒప్పించి డాబాకు తెల్ల పూత వేసుకోవచ్చు. మార్చిలోపే ముగించుకోవాలి. డాబా ఊడ్చి, నాచు గీకి, కడిగి, తడి ఆరకముందే నీరుసున్నం పట్టించాలి. సున్నంలో కాస్త జిగురు కలిపితే చేతికి అంటకుండా పట్టుకుంటుంది. ఒక పూత తూర్పు పడమరలుగా, ఆరాక రెండోది ఉత్తర దక్షిణాలుగా వెయ్యాలి. వానాకాలానికి చాలావరకు కొట్టుకుపోతుంది, మళ్ళీ ఏడాది మళ్ళీ వేసుకోవాలి. ఉదయం ఎనిమిదింటికల్లా కిటికీలు మూసి, పొద్దుగూకి బయటి గాలి చల్లబడ్డాక అన్నీ బార్లా తియ్యాలి. సీమలోనూ తెలంగాణలోనూ కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టుకుంటే చల్లదనం తెలుస్తుంది. కోస్తాలో అది ఉక్కను పెంచుతుంది కాబట్టి అక్కడ కిటికీలు మధ్యాహ్నం కూడా పూర్తిగా మూయకుండా గాలి ఆడేలా వదిలి, ఎండ పడే వైపు మాత్రం వెదురు తడక దించుకోవాలి.