సిరంజిలో తుప్పు రంగు

రోగిని ముట్టుకోకుండానే స్కానింగు రాసిచ్చే డాక్టర్ల మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రుసరుసలాడానో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ వారం ఒక పెద్దవయసు ఎముకల డాక్టరుగారు నాకు మహా సంతోషం కలిగించారు.

మా మేనల్లుడికి కొన్నాళ్లుగా ఒక మోకాలు వాస్తోంది. దెబ్బ లేదు, జ్వరం లేదు. ఇంట్లో వాతం అని ఆముదం పట్టీలు వేశారు. ఒకచోట నీరు తీసి, పారబోసి పంపేశారు. ఈయన మాత్రం చిప్ప చుట్టూ వేళ్లతో నొక్కి చూశారు. సూదితో లాగిన నీటిని ట్యూబ్‌లైటు కిందకు ఎత్తిపట్టారు. లేత పసుపుగా ఉండాల్సింది తుప్పు రంగులో ఉంది. "దెబ్బ తగల్లేదన్నావు కదా బాబూ, ఇంత పాత రక్తం ఎక్కడిది?" అన్నారు.

కీలు లోపలి పొర కుచ్చులుగా, గడ్డలుగా పెరిగిపోయే జబ్బట. కుచ్చుల్లోంచి రక్తం కారి, అందులోని ఇనుము పొరకు పడుతుంది. 1941లో జాఫే, లిక్టెన్‌స్టైన్, సూత్రో అనే వైద్యులు దీనికి పిగ్మెంటెడ్ విల్లోనాడ్యులర్ సైనోవైటిస్ అని పేరుపెట్టి, వాపు జబ్బు కిందే లెక్కగట్టారు. అసలు సంగతి తర్వాతెప్పుడో బయటపడింది. కొద్దిపాటి కణాల్లో జన్యువు తారుమారై సీఎస్‌ఎఫ్1 అనే ప్రొటీన్ ఎడాపెడా తయారవుతుంది. దాని పిలుపుకి మేక్రోఫేజ్ కణాలు వచ్చి చేరతాయి. గడ్డలో పెళ్లివారు నలుగురే, తక్కినదంతా భోజనాలకొచ్చిన జనం.

చేతివాటమే గెలిచిందని నేను మురుస్తూండగానే ఆయన ఎమ్మారై రాసేశారు. నా మొహం చూసి, "మోకాలి వెనక్కి నా వేలు పోదండీ" అన్నారు. ఆ ఇనుము ఎమ్మారైలో నల్లగా పట్టుబడుతుందట.

క్యాన్సర్ కాదనగానే మా అక్క కొబ్బరికాయ కొట్టేసింది. కానీ వదిలేస్తే ఇది ఎముకనూ తొలిచేయగలదు. ఒక్క గడ్డయితే తీసేస్తే చాలావరకు పీడ వదులుతుంది. పొరంతా పాకితే ఎంత గీకినా మళ్లీ మొలుస్తుంది. ఆ ప్రొటీన్ పిలుపును అడ్డుకునే పెక్సిడార్టినిబ్ మాత్రకు అమెరికా 2019లో అనుమతి ఇచ్చింది, కాలేయం జాగ్రత్త అన్న గట్టి హెచ్చరికతో. 2025లో విమ్‌సెల్టినిబ్ వచ్చింది.

మావాడికి ముందూ వెనకా రెండుచోట్లా కనబడింది. రెండు వైపులా తెరవాలట, ఆ తర్వాతా అప్పుడప్పుడూ ఎమ్మారై తప్పదట. డబ్బు దండగని మా బావ గొణిగితే, ఆయనతో వాదనకు దిగింది నేనే.