తీగ చూపని ప్యాకెట్టు

ఈ వారం హన్మకొండలో ఒక డిప్లొమా కుర్రాడు నా చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాడు. "అన్ని కంపెనీల రూటర్ ఇమేజ్‌లున్నయ్ సార్, మీరు గూడ ఎక్కించుకోండ్రి." ప్రాణం చివుక్కుమంది. డబ్బిచ్చి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఇలా చేతులు మార్చడం నాకు గిట్టదు. పైగా ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: కన్సోల్ కేబుల్ పట్టనివాడికి, కనెక్టర్ క్రింప్ చేయనివాడికి నెట్‌వర్కింగ్ ఒంటబట్టదు.

మేం చదివిన చోట రూటర్ అద్దాల బీరువాలో ఉండేది. తనిఖీకి ఎవరైనా వస్తేనే తాళం తీసేవారు. కమాండ్లన్నీ నోట్సులోంచి బట్టీపట్టాం. మమ్మల్ని ఆదుకున్నది డైనమిప్స్. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ ఫియో 2005లో మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాం పీసీలోనే సిస్కో 7200 హార్డ్‌వేర్‌ను అనుకరించేది. అసలు రూటర్‌లో నడిచే ఐఓఎస్ ఇమేజే అందులో బూట్ అయ్యేది. రూటర్ పనిలేక కూర్చున్నా ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు శాతం తిరిగేది. ఐఓఎస్ ఊరికే తిరుగుతున్న లూప్ ఎక్కడుందో పట్టుకుని, ఆ ఐడిల్-పీసీ విలువ ఇస్తే తప్ప ఫ్యాను రొద ఆగేది కాదు. ఒక్కో ఇమేజ్‌కి ఒక్కో విలువ. దొరికినవాళ్లు కాగితం మీద రాసి మిగతావాళ్లకు పంచేవారు.

కుర్రాడు లాప్‌టాప్ తెరిచాడు. జీఎన్ఎస్3 అనే ఎమ్యులేటర్‌లో రెండు రూటర్లు. "గిది ఎక్స్‌స్టార్ట్ కాడనే ఆగుతాంది, జూడుండ్రి." హలోలు వెళ్తున్నాయి, రూటర్లు దారులు పంచుకునే ఓఎస్‌పీఎఫ్ మాత్రం కలవడం లేదు. రూటర్లను కలిపే గీత మీద రైట్ క్లిక్ కొట్టి, ప్యాకెట్లను విప్పిచూపే వైర్‌షార్క్ పెట్టించాను. ఒక వైపు డేటాబేస్ ప్యాకెట్లో ఎంటీయూ (ప్యాకెట్టు గరిష్ఠ సైజు) 1500, రెండో వైపు 1400. తనకన్నా పెద్ద ఎంటీయూ చెప్పే ప్యాకెట్టును 1400 రూటర్ పారేస్తోంది. అంకె కనిపించగానే వాడే సరిచేశాడు.

బీరువాలోని రూటర్ చేతికొచ్చినా, మామూలు కేబుల్ మీద ఆ అంకెను అంత సులువుగా చూడలేం. పోర్ట్ మిర్రరింగ్ చేయగల స్విచ్చో, ట్యాపో కావాలి. అందుకే నా పాత పాట మార్చుకుంటున్నాను: కేబుల్ చేత్తో పట్టుకోవడం తర్వాతైనా కుదురుతుంది. ప్రోటోకాల్ నేర్చుకోవడానికి ముందు కావాల్సింది ఈ తెరే.

దొంగ ఇమేజ్ అక్కర్లేదని కూడా చెప్పాను. క్వాగా నుంచి 2017లో విడిపోయిన ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, కమాండ్లు సిస్కోకు దగ్గరగా ఉంటాయి, ఇదే లెక్క అందులోనూ చేయొచ్చు. "మడికొండ ఐటీ పార్కుల సిస్కోనే అడుగుతరు గద సార్?" అన్నాడు. దానికి సిస్కోవాళ్ల సొంత మోడలింగ్ ల్యాబ్స్ ఐదు నోడ్ల వరకు ఉచితమే. వాడి లాప్‌టాప్‌లో ర్యామ్ నాలుగు జీబీలే కాబట్టి ముందు మూడు ఎఫ్‌ఆర్‌ఆర్ కంటైనర్లతో బీజీపీ పెట్టుకోమన్నాను.