మైకు లేని మూడు వారాలు

ఉదయం ఏడు గంటలు. ఎండ ఇంకా బడి వరండా మెట్లెక్కలేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇరవై మంది చెప్పులు బయట విడిచి గుండ్రంగా నిలబడ్డారు. మాస్టారు ఒక కుర్రాణ్ణి ముందుకు పిలిచి చేతిలో సైన్సు పుస్తకం పెట్టారు. "మీ చెల్లి సైకిలు పాడుచేసింది నువ్వే. ఇప్పుడు క్షమాపణ అడగాలి. మూలకాల పేర్లు తప్ప ఇంకో మాట నోట రాకూడదు."

వాడు ముందు ఫక్కున నవ్వాడు. తర్వాత నేల చూపులు చూస్తూ "హైడ్రోజన్" అన్నాడు. చెల్లెలి వేషం వేసిన పిల్ల మొహం తిప్పేసుకుంది. "హీలియం... లిథియం..." అంటూ ఒక్కడుగు ముందుకేశాడు. "బెరీలియం!" అని ఆ పిల్ల కస్సుమంది. బోరాన్ దాకా వచ్చేసరికి వాడి గొంతు నిజంగానే జీరపోయింది. చుట్టూ ఉన్నవాళ్ల కిలకిలలు ఆగిపోయాయి.

హైస్కూలు పిల్లల వేసవి నాటక శిక్షణలో మొదటి వారమంతా ఇలాంటి ఆటలే. డైలాగు ఉండదు, రంగు ఉండదు, తెర ఉండదు. అమెరికాలోని షికాగోలో వలస కుటుంబాల పిల్లల మధ్య పనిచేసిన వయోలా స్పోలిన్ ఈ పద్ధతికి పెద్ద దిక్కు. ఆమె అల్లిన ఆటలు 1963లో పుస్తకంగా వచ్చాక ప్రపంచంలోని ఎన్నో నాటక బడులు వాటిని వాడుకున్నాయి. కానీ మన గురజాడ తక్కువవాడా? కన్యాశుల్కంలో వెంకమ్మ ముచ్చటపడి, కొడుకునీ గిరీశాన్నీ ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటుంది. ఒకడు పిల్లల పాట వల్లిస్తాడు, ఇంకొకడు రేఖాగణితం వప్పచెబుతాడు. ఆ తల్లికి మాత్రం అది మహా గొప్ప సంభాషణ! మాటకు అర్థం లేకపోయినా గొంతుకు ఉంటుందని ఆ ఒక్క ఘట్టం తెలియజెప్పినంత సొంపుగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. మంచి శిక్షకులు మూలకాల ఆట అయ్యాక ఆ ఘట్టాన్నే చదివిస్తారు. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, పాఠం చెప్పారని వాళ్లకు తెలియదు కూడా.

ఇక ఊపిరి. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద ఓ లావుపాటి పుస్తకం పెడతారు. ఊపిరి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, ఛాతీ కాదు. వదిలేటప్పుడు "స్స్" అంటూ లెక్కపెట్టాలి. మొదటి రోజు పదికే అయిపోయే ఊపిరి మూడో వారానికి పాతిక దాటుతుంది. ఆ తర్వాత గది ఒక గోడ దగ్గర ఒకరు, ఎదుటి గోడ దగ్గర ఒకరు నిలబడి రహస్యం చెప్పుకోవాలి. అరిస్తే ఆట పోయినట్టే. అది రహస్యంలాగే ఉండాలి, అవతలివాడికి అక్షరం అక్షరం వినపడాలి. తరగతిలో ప్రశ్న అడిగితే పెదవి కదలని పిల్లలు ఈ ఆటలో బయటపడుతుంటారు. చూసి తీరాల్సిన ముచ్చట అది.

రెండో వారానికి గానీ సన్నివేశం చేతికివ్వరు. తెలుగు పిల్లలకు తిరుపతి వేంకట కవుల పడకసీనును మించిన పాఠం ఉందా అని పద్యనాటక అభిమానులు అడుగుతారు. వాళ్లది పక్షపాతమే. అయినా వాళ్ల మాటలో నిజముంది. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు కాళ్లవైపు చేరతాడు. ఒక్క మాట పలకకముందే ఎవరి గర్వం ఎంతో, ఎవరి వినయం ఎంతో కూర్చున్న చోటే చెప్పేస్తుంది. వేదికమీద ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అన్నది ఇంతకన్నా తేలిగ్గా ఎవరు నేర్పగలరు? అన్నిటికన్నా కష్టమైన వేషం పడుకున్నవాడిదే. నిద్ర నటించాలి, నిద్ర నటిస్తున్న కృష్ణుణ్ణీ నటించాలి. రాగం ఆఖరి సంగతి. పద్యాన్ని ముందు మామూలు మాటలా చెప్పించి, అర్థం ఎక్కడ విరుగుతుందో పట్టుకున్నాకే హార్మోనియం పెట్టె తెరుస్తారు.

పిల్లలకు పెద్దల కథలు చెప్పడం కూడా శిక్షణే. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తుంటే ఆడవాళ్లు ఆ నడక చూసి నేర్చుకున్నారని పాతతరం చెప్పుకునేది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. బళ్లారి రాఘవ వృత్తిరీత్యా వకీలు, వేదికమీద దుర్యోధనుడు. సురభి నాటక కుటుంబాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు నడక రాకముందే వేదిక ఎక్కేస్తారు. మాయాబజార్ ఆడుతుంటే బాణాలు గాలిలో ఢీకొంటాయి, నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. అన్నీ తాళ్లతో, చేతులతోనే. 1990లలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ ఆ కళాకారులతో పనిచేసి జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా ఆడించారు. సురభి వాళ్లకు ట్రిక్కులే వచ్చన్నవాళ్ల నోళ్లు దాంతో మూతపడ్డాయి.

ఇంత సంపద పెట్టుకుని ఇప్పుడు వేసవిలో జరుగుతున్నదేమిటి? సెలవులు ఇచ్చీ ఇవ్వకముందే గోడలమీద పోస్టర్లు వెలుస్తాయి. పది రోజుల్లో నటన, కెమెరా ముందు ఆడిషన్, చివర్లో సర్టిఫికెట్టు, ఫొటోల ఆల్బం. అక్కడ పిల్లవాడు నేర్చుకునేది ఓ సినిమా హీరో డైలాగు, ఆ హీరో తల ఎగరేసే తీరు. ఆఖరి రోజు ప్రదర్శనకు మాటలన్నీ ముందే రికార్డు చేసి వినిపిస్తారు, పిల్లలు పెదవులు కలుపుతారు. గొంతు వాడనివ్వని నాటక శిక్షణ ఈత కొలను ఒడ్డున నిలబెట్టి చేతులాడించడం లాంటిది. తల్లిదండ్రుల్ని అని ఏం లాభం, వాళ్లకు చూపించేదే అది. వీడియో బాగా వచ్చిందా లేదా అన్నదే వాళ్ల బెంగ.

చోద్యమేమిటంటే, ఆధునిక తెలుగు నాటకం వేదికెక్కిందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు వ్యవహార ధర్మబోధిని ఆడించింది తన శిష్యులచేతనే. వకీళ్ల మోసాలమీద రాసిన ప్రహసనమది. (ఆ ఏడాదే రాఘవ పుట్టాడు. పెద్దయి వకీలయ్యాడు!) పంతులుగారి పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సరిగ్గా బడులకు సెలవులిచ్చే ముందర వస్తుంది. విగ్రహానికి దండ పడుతుంది, సభలో శాలువా కప్పుతారు, ఉపన్యాసాలవుతాయి. ఆ తర్వాత వారం పది రోజులకే బడికి తాళం పడుతుంది, మళ్లీ జూన్‌లోనే తీయడం.

ఆ తాళాలు ఇవ్వండి చాలు. ఒక పెద్ద గది, కుండలో నీళ్లు, ఎండ ముదరక ముందు మూడు గంటలు, పనిలేక కూర్చున్న రంగస్థల కళాకారుల్లో ఒకరు. సురభి వాళ్లలో, పద్యనాటక సమాజాల్లో అలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. కూలి గిట్టుబాటయ్యేలా ఓ నెల గౌరవ వేతనం ఇస్తే సంతోషంగా వస్తారు. డ్రిల్లు మాస్టారు ఉండే బడిలో నాటకం మాస్టారు అనగానే హెడ్మాస్టర్లు ఎందుకు నవ్వుతారో అర్థం కాదు. మైకు మాత్రం అడక్కండి. చివరి రోజు ప్రదర్శనకు వెనక బెంచీమీద ఎవరి నాయనమ్మనైనా కూర్చోబెట్టి, వినపడుతోందా అని అడిగితే సరిపోతుంది.